వెబ్‌క్వెస్ట్

ఒక మార్గదర్శక ప్రశ్నకు జవాబు వెతుకుతూ విద్యార్థులు ఇంటర్నెట్ సమాచారంతో నేర్చుకునే బోధనా పద్ధతి వెబ్‌క్వెస్ట్. అమెరికాలోని శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు బెర్నీ డాడ్జ్ 1995లో టామ్ మార్చ్‌తో కలిసి దీన్ని రూపొందించారు.

నిర్మాణం: పరిచయం, అప్పగించే పని, దాన్ని చేసే క్రమం, మూల్యాంకనం, ముగింపు ఇందులోని ప్రధాన భాగాలు. చదవాల్సిన వెబ్ పేజీలను ఉపాధ్యాయులే ముందుగా ఎంపిక చేస్తారు. అందువల్ల పిల్లల సమయం వెతుకులాటలో కాక ఆలోచనలో గడుస్తుంది. విద్యార్థులు జట్లుగా ఏర్పడి తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఉదాహరణకు, చెరువును పూడ్చి బస్టాండు కట్టవచ్చా అన్న ప్రశ్నను రైతు, ఇంజినీరు, ప్రయాణికుడి కోణాల్లో పరిశీలించి ఉమ్మడి నిర్ణయానికి వస్తారు.

ప్రశ్న స్వభావం: ఈ పద్ధతికి ప్రశ్నే ప్రాణం. ఒక్క క్లిక్‌తో జవాబు దొరికే ప్రశ్న ఇక్కడ పనికిరాదు. పోల్చి, విశ్లేషించి, ఆధారాలతో సమర్థించాల్సిన ప్రశ్న కావాలి.