చలికి మూసిన గూడే కోళ్లకు గండం
ఆదిలాబాద్: ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో డిసెంబరు, జనవరి మాసాల్లో రాత్రి ఉష్ణోగ్రత తరచూ 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. తెల్లవారేసరికి గూటిలో రెండు మూడు పిల్లలు చచ్చిపడి ఉండడం పెరటి కోళ్లు పెంచేవారికి కొత్త కాదు. చలికి పోయాయని సరిపెట్టుకుంటారు. చలికి జడిసి గూటిని నలువైపులా బిగించడం వల్ల కలిగే నష్టమూ తక్కువేమీ కాదు.

కోళ్ల రెట్ట, తడిసిన పొట్టు నుంచి అమ్మోనియా వాయువు వెలువడుతుంది. గోనె పట్టాలతో సందు లేకుండా మూసిన షెడ్డులో అది బయటికి పోదు. కోళ్ల ఊపిరిలోని తేమ పైకప్పుకు అంటి, బొట్లుగా మారి తిరిగి పొట్టుపైనే రాలుతుంది. ఉదయం తలుపు తీయగానే మనిషి కళ్లు మండితే, రాత్రంతా నేలకు దగ్గరగా ఉన్న కోడి పరిస్థితి ఊహించవచ్చు. కళ్ల వెంట నీరు కారడం, గురక దీని తొలి లక్షణాలు.

పట్టాలను కింది నుంచి పైకి కట్టి చూరు కింద అడుగు మేర ఖాళీ వదలాలి. ఈదురుగాలి కోళ్లను తాకకూడదు, చెడుగాలి పైనుంచి పోవాలి. ఎండ రాగానే పట్టాలు దించివేయాలి. గంప కింద కమ్మేవారు పైన గోనెసంచి కప్పినా ఒక పక్క తెరిచి ఉంచాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాంతకం. దాని పొగకు వాసన లేకున్నా విషవాయువు ఉంటుంది.

నాటుకోడి పిల్లకు తల్లి రెక్కల వెచ్చదనం ఉంటుంది. వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాల పిల్లలు యంత్రాల్లో పొదిగినవి కావడంతో ఆ వెచ్చదనం మనమే ఇవ్వాలి. తొలి వారం 35 డిగ్రీల వేడి ఉంచి, వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఉష్ణమాపకం లేకున్నా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుమిగూడితే వేడి చాలలేదని, దూరంగా పోయి నోరు తెరిస్తే ఎక్కువైందని, అన్నీ ఒకే మూలకు చేరితే ఎటునుంచో గాలి కొడుతోందని అర్థం. నేలపై వరిపొట్టు 2 నుంచి 3 అంగుళాల మందాన పరచి, గడ్డకట్టిన భాగాన్ని ఎప్పటికప్పుడు తీసివేయాలి.

నీటి విషయంలో అశ్రద్ధ పైకి కనిపించదు. కోడి తిన్న మేతకు దాదాపు రెట్టింపు నీరు తాగుతుంది. రాత్రి నిలిచి చల్లబడిన నీటిని తాగడానికి వెనుకాడితే మేత తగ్గుతుంది, ఆపై గుడ్లూ తగ్గుతాయి. ఉదయాన్నే పాతనీరు పారబోసి, బావి నుంచి గానీ బోరు నుంచి గానీ అప్పుడే తోడిన నీరు పోయాలి. ట్యాంకు నీటికంటే అది వెచ్చగా ఉంటుంది. పిల్లలకు గోరువెచ్చని నీరివ్వాలి. నీటి పాత్ర అంచు కోడి వీపు ఎత్తులో ఉంటే నీరు ఒలికి పొట్టు తడవదు.

కొక్కెర తెగులుకు లసోటా టీకాను నీటిలో కలిపి ఇచ్చేవారు శీతకాలంలో నీటి పరిమాణం తగ్గించాలి. గంట, రెండు గంటల్లో తాగేంత నీటిలోనే కలపాలి, మిగిలిన టీకా పనిచేయదు. క్లోరిన్ కలిసిన కుళాయి నీరు ఇందుకు వాడరాదు.