రౌతు కొద్దీ గుర్రమా?

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అని చిన్నప్పుడు మా ఇంట్లో రోజుకోసారైనా వినేవాణ్ణి. ఇంకోటి ఉండనే ఉంది, రౌతు కొద్దీ గుర్రం. మన సామెతల్లో మెప్పూ రౌతుదే, తిట్టూ రౌతుకే. గుర్రాన్ని అడిగిన పాపాన పోలేదెవరూ.

మొన్న అప్రైజల్ ఫారం నింపుతూ "మీ వ్యక్తిగత విజయాలు" అన్న కాలమ్ దగ్గర ఆగిపోయాను. ఎందుకు ఆగానో చివర్లో చెప్తాను. ఆ రాత్రికి ఫారం పక్కన పడేసి, నాకెప్పట్నుంచో ఇష్టమైన ఒలింపిక్స్ చరిత్రలో దూరాను. షో జంపింగ్‌లో "వ్యక్తిగత" పతకాలు గెలిచినవాళ్ళ జాబితా అది.

మనకి గుర్రాలంటే మలక్‌పేట రేసులు, లేదా పెళ్ళికొడుకు ఊరేగింపు. ఇది ఆ రెండూ కాదు. మైదానంలో పన్నెండు, పదమూడు అడ్డంకులుంటాయి, కొన్ని 1.60 మీటర్ల ఎత్తు దాకా. కర్ర పడేస్తే 4 తప్పులు. తక్కువ తప్పులు చేసినవాడు గెలిచినట్టు. పోటీకి ముందు రౌతులు కాలినడకన అంతా తిరిగి, ఒక అడ్డంకికీ ఇంకోదానికీ మధ్య గుర్రానికి ఎన్ని అంగలు పడతాయో లెక్కేసుకుంటారు. గుర్రానికి మాత్రం ఆ అవకాశం లేదు. అది ఆ వరసని మొదటిసారి చూసేది పోటీలో దూకేటప్పుడే. అంటే డిజైన్ డాక్యుమెంటు రౌతుకి, ప్రొడక్షన్ గుర్రానికి అన్నమాట :)

1900 పారిస్‌లో మొదటి స్వర్ణం బెల్జియంకి చెందిన ఎమె హెగెమాన్‌ది. 1912లో స్టాక్‌హోమ్‌లో ఈ పోటీ మళ్ళీ మొదలయ్యాక, రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా గెలిచినవాళ్ళలో దాదాపు అందరూ సైనికాధికారులే. ఆడవాళ్ళకైతే 1956 దాకా జంపింగ్‌లో ప్రవేశమే లేదు.

ఆ సైనికుల్లో నన్ను వదలనివాడు జపాన్ వాడైన టకేయిచి నిషి. 1932 లాస్ ఏంజెలెస్‌లో యురేనస్ అనే గుర్రం మీద స్వర్ణం గెలిచాడు. ఆ ఏడు మార్గం ఎంత కష్టంగా పెట్టారంటే, ఒక్క దేశానికి కూడా ముగ్గురు రౌతులూ చివరిదాకా రాలేదు. జట్టు పతకాలు ఇవ్వనేలేదు. జంపింగ్‌లో జపాన్‌కి 2024 దాకా వచ్చిన ఒలింపిక్ పతకం అదొక్కటే. పదమూడేళ్ళ తర్వాత, 1945 మార్చిలో, అదే అమెరికా సైన్యంతో పోరాడుతూ ట్యాంకుల దళాధిపతిగా ఇవో జిమాలో చనిపోయాడు నిషి. యురేనస్ కూడా ఆ తర్వాత కొద్దిరోజులకే జపాన్‌లో పోయింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ 2006లో తీసిన ఇవో జిమా సినిమా చూసినవాళ్ళకి నిషి పాత్ర గుర్తుండే ఉంటుంది.

1948 లండన్‌లో మెక్సికో సైనికాధికారి ఉంబెర్తో మారిలెస్ గెలిచాడు. గుర్రం పేరు అరెతె, దానికి ఒక్క కన్నే. ఒంటికన్ను గుర్రం ఒక్క రోజులో ఆయనకి రెండు స్వర్ణాలు తెచ్చిపెట్టింది, వ్యక్తిగతం ఒకటి, జట్టుది ఒకటి. ఇంతచేసీ ఆయన 1964లో రోడ్డు మీద గొడవలో ఒక మనిషిని కాల్చి జైలుకెళ్ళాడు. బయటికొచ్చాక 1972లో పారిస్‌లో మాదకద్రవ్యాల కేసులో పట్టుబడి, జైల్లోనే పోయాడు. జాబితాలో మాత్రం ఆయన పేరే పైన ఉంటుంది.

ఇక సామెతని తిరగేసిన కథ 1956ది. ఆస్ట్రేలియా క్వారంటైన్ నిబంధనల వల్ల గుర్రప్పోటీల్ని మెల్‌బోర్న్‌లో కాక స్టాక్‌హోమ్‌లో పెట్టారు. జర్మన్ రౌతు హన్స్ గుంటర్ వింక్లర్‌కి మొదటి రౌండు చివర్లో గజ్జల దగ్గర కండరం పట్టేసింది. రెండో రౌండులో జీను మీద కూర్చోవడమే గగనం, గుర్రాన్ని నడిపించే మాట దేవుడెరుగు. అయినా ఆయన కిందున్న హల్లా అనే ఆడగుర్రం ఒక్క కర్ర కూడా పడెయ్యకుండా మొత్తం దాటించింది. రెండు స్వర్ణాలు. రౌతు మెత్తనైతే గుర్రం నాలుగు కాళ్ళ మీదా ఎగిరింది! చేతక్ గుర్తొచ్చింది కదూ? వింక్లర్ మొత్తం 5 ఒలింపిక్ స్వర్ణాలు గెలిస్తే అందులో 3 హల్లా మీదే. జర్మనీలో ఇంకే పోటీ గుర్రానికీ ఆ పేరు పెట్టకూడదని నియమం చేశారు.

అయితే అంతా గుర్రానిదేనా? అదీ కాదు. ఫ్రాన్స్ రౌతు పియెర్ జోంకేర్ డోరియోలా 1952లో అలీ బాబా మీద గెలిచాడు, మళ్ళీ 1964లో లుట్టర్ మీద గెలిచాడు. జంపింగ్‌లో రెండు వ్యక్తిగత స్వర్ణాలున్నది ఆయనొక్కడికే. పన్నెండేళ్ళ తేడాలో రెండు వేర్వేరు గుర్రాలు, ఒకే రౌతు.

ఈ చిక్కు తేల్చడానికి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఓ చిత్రమైన పద్ధతి ఉండేది. ఫైనల్‌కి మిగిలిన నలుగురూ ముందు తమ గుర్రం మీద, ఆ తర్వాత మిగతా ముగ్గురి గుర్రాల మీదా దూకాలి. పరిచయానికి కొద్ది నిమిషాలే ఇస్తారు. పక్కవాడి కోడు చేతికిచ్చి పది నిమిషాల్లో డెమో చెయ్యమన్నట్టు! 2014లో నార్మండీలో చివరిసారి అలా ఆడించి, ఆ పద్ధతి ఎత్తేశారు. రౌతునీ గుర్రాన్నీ విడదీసి కొలవడం అక్కడితో ఆగిపోయింది.

కలిపి శిక్షించడం మాత్రం ఉంది. 2004 ఏథెన్స్‌లో ఐర్లండ్ వాడు సియన్ ఓకానర్ స్వర్ణం గెలిచాడు. గుర్రం రక్తంలో నిషేధించిన మందులు దొరికాయి. కావాలని చేసింది కాదని విచారణలోనే ఒప్పుకున్నారు, అయినా పతకం పోయింది. బ్రెజిల్ వాడైన రోడ్రిగో పెస్సోవాకి దక్కింది. 2012లో వేరే గుర్రం మీద కాంస్యం గెలిచి మళ్ళీ జాబితాలోకొచ్చాడు ఓకానర్.

కెనడా వాడైన ఎరిక్ లమేజ్ 2008లో హిక్‌స్టెడ్ మీద స్వర్ణం గెలిచాడు. 2011లో వెరోనాలో రౌండు పూర్తిచేసిన కాసేపటికే హిక్‌స్టెడ్ అక్కడికక్కడే కుప్పకూలి చనిపోయింది. గుండె దగ్గరి పెద్ద రక్తనాళం పగిలిందట. మిగతా రౌతులు ఇక ఆరోజు పోటీ వద్దన్నారు. మూడేళ్ళ కిందటి పతకం సగం ఎవరిదో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సరే, ఇప్పుడు నా సంగతి. పదిహేనేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు గో-లైవ్ రాత్రి డేటా మైగ్రేషన్ మధ్యలో ఆగిపోయింది. నాకు ఒళ్ళు కాలిపోతూ జ్వరం. "అన్నా, మీరు కాల్‌లో ఉండండి చాలు, నేను చూస్కుంటా" అన్నాడు కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఓ కుర్రాడు. తెల్లారేసరికి మొత్తం సరిచేశాడు. ఆ క్వార్టర్ అవార్డు నాకొచ్చింది. అతని కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోయింది. స్టేజి మీద మైకిస్తే మేనేజర్‌కి, ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెప్పాను. అతని పేరు చెప్పలేదు. మర్చిపోయి కాదు, చెప్తే నాది తగ్గుతుందేమోనని.

మనిషిని గుర్రంతో పోల్చాడని తిట్టకండి. నేను పోల్చుకుంటున్నది నన్ను, జీను మీద ఊరికే కూర్చున్న రౌతుతో. కాకపోతే వింక్లర్ పేరెత్తితే హల్లా పేరు కూడా వస్తుంది. ఒలింపిక్ పట్టికల్లో రౌతు పేరు పక్కన గుర్రం పేరుకి ఓ గడి ఉంటుంది. మా అప్రైజల్ ఫారంలో ఆ గడి లేదు. అందుకే ఈసారి "వ్యక్తిగత విజయాలు" కాలమ్‌లో ముందు మా టీంలో ముగ్గురి పేర్లు రాసి, తర్వాత నా పని రాశాను.

మీ షెల్ఫులో ఉన్న అవార్డుల్లో ఎన్నిటి మీద ఇంకో పేరుండాలో ఓసారి చూసుకోండి. నేను నిన్న రాత్రి ఆ కుర్రాడి మెయిల్ ఐడీ వెతికి పట్టుకుని, పదిహేనేళ్ళ ఆలస్యంగా నాలుగు ముక్కలు రాశాను. జవాబింకా రాలేదు.