రక్తప్రసరణ చరిత్ర: మఱుఁగుపడిన యొక వ్యాఖ్య

హృదయమున కుడిగదియందలి నెత్తురు, నడిమిగోడయందలి కంటికిఁ గానరాని రంధ్రములగుండ నెడమగదిఁ జేరునని క్రీ. శ. 2వ శతాబ్దమున యవనవైద్యుఁడు గాలెను వ్రాసెను. ఆ మతము వేయేండ్లకు మించి ప్రమాణమై నిలిచెను. కైరోనగర వైద్యుఁడు ఇబ్న్ అల్ నఫీసు, ఇబ్న్ సీనా శారీరభాగమునకు 1242లో రచించిన వ్యాఖ్యలో దానిని ఖండించెను. ఆ గోడ దట్టమైనది. అందు రంధ్రములు లేవు. నెత్తురు ఊపిరితిత్తులకుఁ బోయి, యట వాయువుతోఁ గలసి, యెడమగదికి వచ్చునని యాతని సిద్ధాంతము.

1628లో ఆంగ్లవైద్యుఁడు హార్వీ రక్తము దేహమంతటఁ జక్రమువలెఁ దిరుగునని స్థాపించెను. ధమనులను సిరలను గలుపు సూక్ష్మనాళములను 1661లో మాల్పీఘీ కప్ప యూపిరితిత్తులయందుఁ గనుఁగొనెను. నఫీసు మతము మాత్రము మఱుఁగుననే యుండెను. ఈజిప్టు వైద్యుఁడు అల్ తతావీ 1924లో బెర్లినునందలి వ్రాతప్రతిని బరిశోధించిన పిదపఁగాని యది పండితలోకమునకు స్పష్టపడదయ్యెను. కావున శాస్త్రచరిత్ర వ్రాయఁబూనువారు మూలములతోఁబాటు వ్యాఖ్యలను గూడఁ జదువవలసియున్నది.