నీళ్ళ కింద బాటరీ

రెండేళ్ళ క్రితం అండమాన్ వెళ్ళాం. మా నాన్నగారికి అప్పటికి అరవై ఎనిమిది. పుట్టి బుద్ధెరిగాక చెరువులో తప్ప దిగని మనిషి, లైఫ్ జాకెట్ వేసుకుని మూతికి గొట్టం తగిలించుకుని స్వరాజ్ ద్వీప్ (మనందరికీ ఇంకా హావ్‌లాకే) దగ్గర నీళ్ళలో దిగారు. పైకొచ్చి చిన్నపిల్లాడిలా "ఒరేయ్, చేపలు నా చేతి మీదుగా పోయాయిరా!" అన్నారు. నా చేతిలో నీళ్ళలో పనిచేసే కెమెరా ఉంది. అది అప్పటికి పది నిమిషాలై చచ్చిపోయి ఉంది. మొత్తం పదకొండు ఫోటోలు, అందులో నాలుగు నా బొటనవేలివి.

రాత్రంతా చార్జింగ్ పెట్టి తెచ్చిన బాటరీ అది. అంతే కాదు, కొన్న దగ్గర్నుంచీ ఎప్పుడూ ఫుల్లుగానే ఉంచాను. ఆ అలవాటు నాన్నగారిదే. ఆయన ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యారు. "బాటరీని ఖాళీగా పడుకోబెడితే చస్తుంది, ఎప్పుడూ నిండుగా ఉంచాలి" అనేది మా ఇంట్లో వేదవాక్కు. ఇంకోపక్క ఆఫీసులో పక్క సీటాయన "అలా కాదు బాస్, పూర్తిగా అయిపోయేదాకా వాడి అప్పుడే చార్జి చెయ్యాలి, లేకపోతే మెమరీ ఎఫెక్ట్ వస్తుంది" అంటాడు. ఇద్దరూ నమ్మకంగానే చెప్తారు. ఎవరు కరెక్టు?

హైదరాబాద్ తిరిగొచ్చాక కొన్ని వీకెండ్లు దీని మీద పడ్డాను. తేలిందేమిటంటే ఇద్దరూ కరెక్టే. కాకపోతే ఒకరు 1859 నాటి బాటరీ గురించి చెప్తున్నారు, ఇంకొకరు 1899 నాటి దాని గురించి. నా కెమెరాలో ఉన్నది 1991 నాటిది.

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన సీసం, ఆమ్లంతో మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోగల బాటరీ చేశాడు. బస్సులో ఉండేదీ, మన ఇన్వర్టర్లలో చాలావరకు ఉండేదీ ఇప్పటికీ దాని మనవడే. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచీ హైటెక్ సిటీలో ఇన్ని అద్దాల మేడలు లేచాయి కదా, వాటి యూపీఎస్ గదుల్లో ఏళ్ళ తరబడి వరసలుగా పేర్చింది కూడా వీటినే. కరెంటు పోయినా మన బిల్డు ఆగలేదంటే ఈ సీసం పుణ్యమే. దీన్ని డిశ్చార్జి చేసి వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి కూర్చుంటుంది, ఇక పూర్తిగా కోలుకోదు. కాబట్టి డిపోలో నాన్నగారి రూలు నూటికి నూరుపాళ్ళు సరైనది.

నీళ్ళ కింద బాటరీతో బతకడం ఎలా అన్నది మొదట ఒంటబట్టించుకున్నది సబ్‌మెరైన్ వాళ్ళు. వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర మనలో చాలామంది చూసే ఉంటారు. 1969 డిసెంబర్‌లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. లోపల వంగి వంగి నడుస్తూ పైపులూ బంకులూ చూసి వచ్చేస్తాం, కాళ్ళ కింద టన్నుల కొద్దీ బాటరీలు ఉండేవన్న సంగతి గమనించం. పైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్‌తో చార్జి చేసుకోవడం, మునిగాక మోటారుకి బాటరీయే దిక్కు. రెండు నాట్ల వేగంతో పాకితే రోజుల తరబడి లోపలే ఉండొచ్చు, పూర్తి వేగంతో పరిగెడితే గంటో గంటన్నరో. పైగా సీసం బాటరీలోంచి కరెంటు ఎంత గబగబా లాగితే మొత్తం మీద మనకి దక్కేది అంత తగ్గిపోతుంది. 1897లో పీకర్ట్ అనే జర్మన్ దీనికి ఫార్ములా కూడా రాశాడు.

చార్జింగ్‌లో ఇంకో గండం ఉంది. సీసం బాటరీ నిండుతున్నప్పుడు హైడ్రోజన్ వదుల్తుంది. గాలి ఆడని ఇనప గొట్టంలో అది పోగైతే ఒక్క నిప్పురవ్వ చాలు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో వైజాగ్ దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ సంగతి తెలుసుగా? మన నేవీ లెక్క ప్రకారం ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలు కారణం, పాకిస్తాన్ లెక్కలో వాళ్ళు పెట్టిన మైనే పేలింది. ఇవి రెండూ కాక, చార్జింగ్‌లో పోగైన హైడ్రోజనే లోపల పేలిందన్న మూడో వాదన కూడా ఉంది. తొంభై మందికి పైగా పోయారు. 2017లో మనవాళ్ళు తీసిన సినిమాలో రానా వీరత్వం ముందు పాపం బాటరీకి చోటెక్కడ?

టార్పెడోలది మరో దారి. వాటికి సీసం బరువు, అందుకని వెండి-జింకు బాటరీలు వాడతారు. ఖరీదెక్కువ, కొద్దిసార్లే చార్జవుతాయి. అయినా చిన్న డబ్బాలో బోలెడు శక్తి. వైజాగ్‌లోని ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించగా 2016లో నేవీకి అందిన వరుణాస్త్ర నడిచేది వీటితోనే. దాన్ని తయారుచేసే బీడీఎల్ ఆఫీసు మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది. 1977లో హైదరాబాద్‌లో మొదలైన హెచ్‌బీఎల్ విమానాలకీ, టార్పెడోలకీ, సబ్‌మెరైన్లకీ బాటరీలు చేస్తోంది. సాఫ్ట్‌వేర్ రాకముందు ఈ ఊళ్ళో ఏముండేదని అడిగే కుర్రాళ్ళకి ఈ పేరు చెప్తుంటాను.

ఇక ఆఫీసాయన రూలు. 1899లో స్వీడన్‌లో యుంగ్నర్ నికెల్-కాడ్మియం బాటరీ కనిపెట్టాడు. చాలాకాలం తర్వాత ఉపగ్రహాల్లో వాడుతున్నప్పుడు ఒక సంగతి బయటపడింది. ప్రతి కక్ష్యలోనూ సరిగ్గా అంతే వాడి అంతే నింపుతుంటే, కొన్నాళ్ళకి అక్కడితోనే చాలన్నట్టు వోల్టేజి పడిపోతోంది. అదే మెమరీ ఎఫెక్ట్. కార్డ్‌లెస్ ఫోన్లూ హ్యాండీక్యామ్‌లూ ఈ బాటరీలతో నడిచినన్నాళ్ళూ "ఖాళీ చేసి నింపు" మంచి సలహాయే. తర్వాత నికెల్-మెటల్ హైడ్రైడ్ వచ్చింది, మన తొలి డిజిటల్ కెమెరాల్లో నాలుగేసి పెన్సిల్ సెల్స్ అవే. దాని జబ్బు వేరు, ఊరికే ఉంచినా కారిపోయేది. 2005లో సాన్యో ఎనెలూప్ తెచ్చాకే ఏడాది తర్వాత కూడా చాలావరకు చార్జి మిగలడం మొదలైంది.

అసలు తమాషా ఏమిటంటే, నీటి కెమెరాకి ఒకప్పుడు బాటరీయే అక్కర్లేదు. 1893లో సముద్రంలో ఫోటోలు తీసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ బుటాన్‌కి వెలుతురు కోసమే తంటాలు. 1899 నాటికి బాటరీలతో వెలిగే ఆర్క్ దీపాలు నీళ్ళలోకి దింపాడు. 1963లో వచ్చిన నికొనోస్‌లో షట్టర్, ఫిల్మ్ తిప్పడం అంతా స్ప్రింగులూ గేర్లే. తెర లేదు, జీపీఎస్ లేదు. పది నిమిషాలకి చచ్చే ప్రసక్తే లేదు.

లిథియం అయాన్ కథ మీకు తెలిసిందే. విటింగ్‌హామ్, గుడెనఫ్, యోషినో, ముగ్గురికీ 2019లో నోబెల్. 1991లో సోనీ దాన్ని మొదట అమ్మకానికి తెచ్చింది. దీనికి మెమరీ జబ్బు దాదాపు లేదు. పూర్తిగా ఖాళీ చేసి వదిలితే పాడవుతుంది, పూర్తిగా నింపి అలాగే ఉంచితే లోపల్లోపల ముసలిదవుతుంది, ఆ నింపిన దాన్ని ఎండలో పెడితే మరీ వేగంగా. సగం చార్జిలో, చల్లగా ఉండటమే దానికి ఇష్టం. నేనేం చేశాను? నూరు శాతం నింపి, మే నెలలో గచ్చిబౌలి ఓపెన్ పార్కింగ్‌లో కారు గ్లవ్‌బాక్సులో పెట్టాను. రెండు వేసవులు! కోడ్ మారినా కామెంట్ మార్చకపోతే తర్వాత వచ్చినవాడు దాన్నే నమ్మినట్టు, నేను డిపో రూలు నమ్మాను.

ఇప్పుడు చేస్తున్నవి చెప్తాను. ట్రిప్ లేనప్పుడు బాటరీ సగం దగ్గర ఉంచి బీరువాలో పెడతాను, రెండు మూడు నెలలకోసారి చూస్తాను. వెళ్ళేముందు రాత్రే ఫుల్ చేస్తాను. నీళ్ళలో దిగేముందు జీపీఎస్, వైఫై ఆపేస్తాను, తెర వెలుతురు తగ్గిస్తాను, ఫోటోకీ ఫోటోకీ మధ్య కెమెరా ఆపేస్తాను. ఫ్లాష్ బాటరీని తాగేస్తుంది, పైగా మసక నీళ్ళలో అది వెలిగించేది చెత్తనే. రెండో బాటరీ ఉంటుంది కానీ ఇసకలో, తడి చేతుల్తో మూత తియ్యను. రబ్బరు రింగులో ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా బాటరీతో పాటు కెమెరా కూడా పోతుంది. చల్లటి నీళ్ళలో చార్జి తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడను, వేడెక్కాక కొంత తిరిగొస్తుంది.

ఇదంతా నాన్నగారికి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. కొత్త బాటరీల మీద తెల్ల టేపు అంటించి కొన్న తేదీ రాసిచ్చారు, డిపోలో అలాగే చేసేవారట. వచ్చే జనవరిలో మళ్ళీ అక్కడికే టికెట్లు బుక్ చేశాం. అంతా అయ్యాక అడిగారు:

"సరేరా, మీ ఇన్వర్టర్ బాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశావు?"

వెళ్ళి చూశాను. పలకలు బయటికి తేలి ఉన్నాయి.