తరగతిలోని ప్రతిభను మనమెంతవరకు గుర్తిస్తున్నాము?



పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. ఆ పరిమళాన్ని పసిగట్టే శక్తి పెద్దలకు ఎంత ఉన్నది? చరిత్ర చెప్పే సమాధానం మన గర్వాన్ని కొంత అణచేదిగానే ఉన్నది.

1905లో పారిస్ నగరంలో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ బుద్ధి పరీక్షను రూపొందించారు. చదువులో వెనుకబడినవారిని గుర్తించడానికి ఉపాధ్యాయుల అభిప్రాయమొక్కటే చాలదని బినే తలచాడు. 1921లో అమెరికాలో ఆచార్య లూయిస్ టెర్మన్ ప్రతిభావంతులను వెదకడానికి పూనుకున్నాడు. తరగతిలో మిక్కిలి తెలివైనవారిని, వారితోపాటు వయసులో అందరికంటె చిన్నవారిని సూచించవలసినదిగా కాలిఫోర్నియా ఉపాధ్యాయులను కోరాడు. ఉపాధ్యాయుని ఎంపికకంటె పుట్టినతేదీల పట్టికే మేలైన ఆధారమని తేలింది! కారణమేమి? పెద్దపిల్లల నడుమ కూర్చుని వారితో సమానంగా చదివే చిన్నవాని వయసును ఉపాధ్యాయుడు లెక్కించలేదు.

పరీక్ష కూడ పరమ ప్రమాణం కాదు. టెర్మన్ పరీక్షలో ఎంపిక కాని బాలురలో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. తరువాత వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు లభించాయి: ఒకరికి 1956లో, మరొకరికి 1968లో.

మరి తల్లిదండ్రుల మాట? శిశుతరగతి పిల్లలపై జేకబ్స్ 1971లో ప్రకటించిన పరిశోధనలో ఉపాధ్యాయులకంటె తల్లిదండ్రుల అంచనాయే చాలా మెరుగని వెల్లడైంది. బిడ్డ వేసే ప్రశ్నలు ఇంటివారు వింటారు. బడిలో మనం అణకువను, చక్కని చేతివ్రాతను చూసి మురిసిపోతాము.

అయితే ఆ తల్లిదండ్రుల మాట బడివరకు చేరవలె కదా! ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ జిల్లాలో పెద్దల సిఫారసులపై ఆధారపడటం మాని, 2005 నుండి రెండవ తరగతి పిల్లలందరికీ మాటలతో పనిలేని పరీక్ష పెట్టారు. అంతవరకు ఎవరి కంటా పడని పేదపిల్లలు, ఇంట ఇంగ్లీషు మాట్లాడని పిల్లలు ఎందరో వెలుగులోనికి వచ్చారు.

ఈ చరిత్ర మనకెందుకంటారా? హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపురంలో తెలుగు బిడ్డ పరభాషా మాధ్యమంలో మౌనంగా కూర్చున్నప్పుడు, ఆ మౌనాన్ని మందబుద్ధిగా లెక్కించే ప్రమాదం ఉన్నది. కావున ఉపాధ్యాయులారా, హాజరుపట్టీలో వయసు చూడండి. లెక్కను ఒకసారి తెలుగులో నోటితో అడిగి చూడండి. తల్లులారా, బిడ్డ ఇంట అడిగే ప్రశ్నలను సంకోచింపక మాతో చెప్పండి. మీరు చెప్పనిదే మాకు తెలిసే మార్గం తక్కువ.