కోయంబత్తూరు నాయనా కొడుకుల ముచ్చట

ఇంగో నాలుగు పత్తికట్టెలు ఎగదోయరా అబ్బీ, చలి ముదురుతాంది. ఆ ఫోన్లో కార్లాట కాసేపు ఆపు. నిజంగా కార్లు తోలిన నాయనా కొడుకుల కథ ఒగటుంది, చెప్తా ఇను.

నా లారీ దినాల్లో నంద్యాల నుంచి పత్తి బేళ్లు ఎత్తుకోని కోయంబత్తూరు మిల్లులకు పోతాంటిమి. ఆళ్లగడ్డలో అన్నం తిని, చాగలమర్రి, మైదుకూరు, కడప దాటి, రాయచోటి మీద చిత్తూరు, వేలూరు, సేలం. అరవం రాదు కదా, దావంతా మాట్లాడే దిక్కు లేక నోరు పీక్కుపోతాండె. కోయంబత్తూరు చేరితే పానం లేచొచ్చేది. ఆడ మిల్లులు పెట్టినోళ్లలో శానామంది నాయుళ్లు. ఎన్నో తరాల కింద మన దిక్కు నుంచి పోయినోళ్లు, ఇంట్లో ఇంగా తెలుగే. వాళ్ల యాసకు మనం నవ్వుతాం, మన యాసకు వాళ్లు నవ్వుతారు.

ఆ మిల్లుదార్లకు కార్ల పిచ్చి. లక్ష్మీ మిల్స్ ఇంటి కరివర్ధన్ అనే ఆయప్ప మారుతి ఇంజను పెట్టి సొంతంగా రేసు కార్లే చేయించినాడు. 1995లో ఇమానం కూలి పోయినాడు పాపం. కోయంబత్తూరు కాడుండే రేసు ట్రాకుకు ఇప్పుటికీ ఆయన పేరే. వాళ్ల బంధువే జి.ఆర్. కార్తికేయన్. ర్యాలీ మనిషి. సౌత్ ఇండియా ర్యాలీ ఏడు మార్లు గెలిచినాడు.

ర్యాలీ అంటే గుండ్రంగా తిరిగేది కాదురా. మన లారీలు తిరిగే దావల్లోనే, ఒగ కారు పోయినాక ఇంగో కారును వదుల్తారు, గడియారం చూసి లెక్క గడతారు. సేలం దాటినాక టీ అంగడి కాడ ఒగ రాత్రి ఒగ ర్యాలీ కారును చూసినా. తోలేటోడి పక్కన ఇంగొకడు, ఒళ్లో కాయితాలు, చేతిలో బ్యాటరీ లైటు. ముందర మలుపెంత, గుంత యాడ, అన్నీ వాడే అరిచి చెప్పాల. బురద అద్దం పైదాకా కొట్టింది. టీ గ్లాసు సగం తాగి ఆడే పెట్టి పోయినారు. ఎవరి కారో నేను అడగలే. చప్పట్లు కొట్టేదానికి ఆడ నేను, మా క్లీనరు, ఒగ కుక్క. నాయన తరం పందెమంటే అట్ల.

కొడుకు నరేన్. 1977 జనవరి 14న పుట్టినాడు, సరిగ్గా మన సంక్రాంతి దినాల్లో. పదహైదేండ్లకే ఫ్రాన్సులో రేసు బడికి పంపినారు. వెనక్కొచ్చి ఆ మారుతి ఇంజను కార్లే తోలినాడు. 1996లో ఫార్ములా ఆసియా అనే కార్ల పోటీ గెలిచినాడు, మనోళ్లలో ముందెవరూ గెల్చలే. నాయన పేరుంటే చాలనుకుంటారు జనం. పేరు పెట్రోలు పోస్తాదా? ఆ ఆటలో సీటు గావాలంటే వెనక డబ్బు పెట్టేటోడు ఉండాల. ఎక్కువ నలిగింది ఆడనే. 2005లో జోర్డాన్ జట్టులో ఫార్ములా వన్ కారెక్కినాడు, మన దేశం నుంచి మొదటోడు.

ఆ ఏడు జూన్ 19న అమెరికాలో, ఇండియానాపొలిస్‌లో పందెం. నాలుగో స్థానం, అయిదు పాయింట్లు. పరిగెత్తింది ఆరే కార్లు గదా అని ఎక్కిరిస్తారు కొందరు. టైరు సంగతి లారీ తోలినోణ్ని అడగాల. ఆడ ఒగ మలుపు ఏటవాలుగా ఉంటాది. ఆ వడిలో బరువంతా ఒగే దిక్కు టైరు మీద పడతాది. ముందే ఒగ కారు టైరు పోయి గోడకు కొట్టుకుంది. మిషెలిన్ టైర్లు తట్టుకోవని కంపెనీవోళ్లే చేతులెత్తేస్తే, అవి ఏసుకున్న 14 కార్లు ఒగ సుట్టు తిరిగి పక్కకు పోయినాయి. బ్రిడ్జ్‌స్టోన్ ఏసుకున్న ఆరే మిగిలినాయి, అందులో ఈయనదొకటి. టైరు పగిలితే దిగాల, పగలకుంటే తోలాల. దాంట్లో సిగ్గేముంది?

నాకు ఇంగా ఇష్టమైంది 2010 ముచ్చట. అమెరికాలో నాస్కార్ అని ఉంది. పైకి మామూలు బండ్ల మాదిరే కనపడతాయి, లోపల అంతా పందేనికి కట్టిందే. మన బొలెరో పికప్ మాదిరి ట్రక్కులకు కూడా పందెం ఉంది, ఫార్ములా వన్ తోలినోడు దాంట్లో దిగినాడు! మార్టిన్స్‌విల్ అనే ఊర్లో, ఒగ సుట్టు 850 మీటర్లు కూడా లేని ట్రాకులో, రాసుకోని తోసుకోని తోలాల. 13వ వాడుగా వచ్చినాడు. ఆ ఆటలో దిగిన మొదటి ఇండియా మనిషి. ఏడాది చివర్లో ఆ ట్రక్కులోళ్లలో జనానికి బాగా నచ్చిన డ్రైవరని బహుమానం కూడా ఇచ్చినారు.

ఆ దేశంలో నాయనా కొడుకుల కథ ఇంగో మాదిరి. లీ పెట్టీ అనే ఆయప్ప 1959లో డేటోనాలో మొదటి పెద్ద పందెం గెలిచినాడు. అదే ఏడు ఇంగో చోట కొడుకు రిచర్డ్ గెలిచినాడని జెండా ఊపితే, సుట్లు లెక్క తప్పింది, గెలిచింది నేనని నాయనే ఫిర్యాదు చేసినాడు. గెలుపు నాయనకే రాసిచ్చినారు. ఆ కొడుకే తర్వాత 200 పందేలు గెలిచినాడులే. నువ్వు నవ్వుతాండావు గానీ, లెక్క లెక్కే.

నరేన్ జపాన్‌కూ పోయినాడు. 2019 నవంబర్లో ఫుజీలో జర్మనీ కార్లు, జపాన్ కార్లు కలిపి పందెం పెడితే రెండో రోజు ఈయనే గెలిచినాడు. అప్పటికి 42 ఏండ్లు. ఆ వయసుకు నేను రాత్రి బండి క్లీనరు చేతికిచ్చి వెనక బేళ్ల మీద పండుకుంటాంటి.