ఇంటి పిల్లల జట్టు: బాస్క్ జాతి ఆట చరిత్ర

ఫుట్‌బాల్ ఇవాళ పెద్ద వ్యాపారం. యూరప్‌లో డబ్బున్న క్లబ్బులు ఆటగాళ్లను ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి, ఎక్కడి నుంచైనా కొనుక్కుంటాయి. జట్టు పేరు ఒక ఊరిది, ఆడేవాళ్లు పది దేశాలవాళ్లు. ఈ సంతలో బేరానికి దిగకుండా, తమ నేల మీద పుట్టిన లేదా తమ నేల మీద ఆట నేర్చుకున్న పిల్లలతోనే వందేళ్లకు పైగా నెట్టుకొస్తున్న క్లబ్ ఒకటుంది. అది స్పెయిన్ ఉత్తర తీరంలోని బిల్బావో నగరానికి చెందిన అథ్లెటిక్ క్లబ్. ఆ నేల బాస్క్ జాతిది. స్పెయిన్‌లో లీగ్ పోటీలు 1929లో మొదలయ్యాయి. అప్పటి నుంచి ఒక్కసారి కూడా మొదటి శ్రేణి నుంచి కిందికి జారని క్లబ్బులు మూడే: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్. మొదటి రెండింటికీ ప్రపంచమంతా వెతికి కొనుక్కునే స్తోమత ఉంది. మూడోదానికి ఉన్నది ఇంటి పిల్లలే.

ఆదివాసీ రచయితలుగా మేం ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. మన పిల్లల్లో ప్రతిభ ఉందని ప్రతి సభలోనూ అంటారు. ఆ ప్రతిభను ఎవరు పెంచాలి, ఎక్కడ పెంచాలి, ఏ భాషలో పెంచాలి, చివరికి అది ఎవరికి దక్కాలి అని మాత్రం సభ ముగిశాక ఎవరూ అడగరు. బాస్కులు వందేళ్లుగా ఆటలో ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతున్నారు. వాళ్ల జవాబులో మంచి ఉంది, లోపమూ ఉంది. రెండూ మనం తెలుసుకోదగినవే.

చిన్న జాతి, పాత భాష

బాస్కుల నేల పిరెనీస్ కొండలకు పడమటి చివర, కొంత స్పెయిన్‌లో, కొంత ఫ్రాన్స్‌లో ఉంది. మొత్తం జనాభా 30 లక్షలకు అటూ ఇటూ. వాళ్ల భాష ఎయుస్కారా. ఇవాళ బతికి ఉన్న ఏ భాషతోనూ దానికి చుట్టరికం ఉందని ఎవరూ నిరూపించలేకపోయారు. ఆ జాతిలో అందరికీ ఆ భాష రాదు. మాట్లాడేవాళ్లు పది లక్షల లోపే. మన లెక్క పక్కన పెట్టి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 30 లక్షలు. అంటే మొత్తం బాస్క్ జనాభా ఎంతో, ఒక్క గోండి మాట్లాడేవాళ్లే అంతమంది. ఎయుస్కారా ఇవాళ స్పెయిన్ వైపున్న తన నేలలో చాలా చోట్ల అధికార భాష, బడి భాష. గోండికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఇంకా చోటు లేదు.

ఒక తేడాను మొదటే చెప్పుకోవాలి. బాస్కులు మనలా పేదలు కారు. బిల్బావో చుట్టూ ఉన్న కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. మన కొండల్లోనూ ఖనిజం ఉంది. అయితే అక్కడ గనుల లాభంలో పెద్ద వాటా బిల్బావోలోనే నిలిచి, ఉక్కు మిల్లులుగా, ఓడల కార్ఖానాలుగా, బ్యాంకులుగా మారింది. ఈ కథలో క్లబ్ చేసిన ప్రతి పని వెనుక ఆ సంపద ఉంది. దాన్ని మరిచిపోయి పోల్చుకుంటే మన పిల్లల్నే మనం తక్కువ చేసుకున్నట్టవుతుంది.

కట్టుబాటు ఎలా వచ్చింది

ఆట కూడా ఆ ఖనిజం దారినే వచ్చింది. ఇనుము కోసం ఇంగ్లండ్ ఓడలు వచ్చాయి. వాటితో పనివాళ్లు, ఇంజనీర్లు వచ్చారు. బిల్బావో సంపన్నుల పిల్లలు చదువుకోసం ఇంగ్లండ్ వెళ్లి ఆట నేర్చుకుని తిరిగొచ్చారు. 1898లో క్లబ్ పుట్టింది. అందుకే దాని పేరు ఇంగ్లీషు పేరు. మొదట్లో ఇంగ్లీషువాళ్లూ ఆడేవారు. 1911 కప్ పోటీల్లో ఆ ఆటగాళ్ల మీద ఇతర జట్లు అభ్యంతరం చెప్పడంతో గొడవ అయింది. ఆ తర్వాత, దాదాపు 1912 నుంచి, క్లబ్ స్థానికులతోనే ఆడుతోంది. ఇది కాగితం మీద రాసుకున్న చట్టం కాదు. మన గూడేల్లో ఉండే కట్టుబాటు లాంటిది. ఎవరూ సంతకం పెట్టలేదు, అందరూ పాటిస్తారు.

అయితే ఈ కట్టుబాటుకు రెండు ముఖాలున్నాయి. గనుల్లో పనికి స్పెయిన్ ఇతర ప్రాంతాల నుంచి పేద కూలీలు వేలాదిగా వచ్చారు. 1895లో బాస్క్ జాతీయవాద పార్టీని స్థాపించిన సబినో అరానా ఆ కూలీలను చిన్నచూపు చూశాడు, రక్తం గురించి, వంశం గురించి మాట్లాడాడు. అలాంటి గాలి వీస్తున్న రోజుల్లోనే ఈ కట్టుబాటు వేళ్లూనుకుంది. మనవాళ్లమనే గౌరవం దాని ఒక ముఖం. పరాయివాళ్లను గుమ్మం బయట నిలబెట్టే గోడ రెండో ముఖం.

నిషేధం రోజులు

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. 1937 ఏప్రిల్ 26న ఫ్రాంకో వైపు నిలిచిన జర్మన్, ఇటలీ విమానాలు బాస్కుల పవిత్ర పట్టణం గెర్నికా మీద బాంబులు వేశాయి. అదే ఏడాది బాస్క్ ఆటగాళ్లు ఒక జట్టుగా దేశం దాటి, తమ ప్రజల కోసం చందాలు పోగుచేస్తూ యూరప్‌లో, తర్వాత మెక్సికోలో ఆడారు. యుద్ధంలో ఫ్రాంకో గెలిచాడు. ఎయుస్కారాను బడిలోంచి, బజారులోంచి తరిమేశారు. 1941లో క్లబ్ ఇంగ్లీషు పేరు కూడా మార్చుకోవలసి వచ్చింది. అథ్లెటిక్ అన్న మాట పోయి స్పానిష్‌లో అత్లెటికో అయింది. మన ఊళ్ల పేర్లు, మన ఇంటిపేర్లు రికార్డుల్లో ఎలా మారిపోయాయో తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

ఆ చీకటి రోజుల్లోనూ జట్టు నిలిచింది. తెల్మో సార్రా 1950-51 లీగ్‌లో 38 గోల్స్ కొట్టాడు, మొత్తం లీగ్ జీవితంలో 251. 1958 కప్ ఫైనల్‌లో అథ్లెటిక్, మాడ్రిడ్‌లోని బెర్నబేవు మైదానంలోనే రియల్ మాడ్రిడ్‌ను 2-0తో ఓడించింది. అప్పటికి రియల్ మాడ్రిడ్ వరసగా మూడుసార్లు యూరప్ విజేత. గెలిచిన జట్టుకు పదకొండుగురు పల్లెటూరివాళ్లు అన్న పేరు నిలిచిపోయింది. పల్లెటూరివాళ్లు అన్న మాటను బాస్కులు తిట్టుగా తీసుకోలేదు, బిరుదుగా తగిలించుకున్నారు.

ఫ్రాంకో 1975లో చనిపోయాడు. 1976 డిసెంబర్ 5న రియల్ సోసియేదాద్, అథ్లెటిక్ జట్లు తలపడ్డాయి. రెండూ బాస్క్ జట్లే. రెండు జట్ల కెప్టెన్లు కొర్తాబర్రియా, ఇరిబార్ కలిసి, అప్పటికింకా నిషేధంలో ఉన్న బాస్క్ జెండాను పట్టుకుని మైదానంలోకి నడిచారు. మరుసటి నెలలోనే ఆ జెండా మీద నిషేధం పోయింది.

లెజామా

కట్టుబాటు ఒక్కటే ఉంటే క్లబ్ నిలిచేది కాదు. వేరేవాళ్లను తీసుకోం అన్నవాడు సొంతవాళ్లను పెంచుకోవాలి. ఆ పని కోసం 1971లో బిల్బావోకు పది కిలోమీటర్ల దూరంలోని లెజామా అనే పల్లెలో అకాడమీ తెరిచారు. మరో రెండేళ్లకు, 1973లో, స్పెయిన్ విదేశీ ఆటగాళ్లకు మళ్లీ తలుపులు తెరిచింది. మిగతా క్లబ్బులు బయటివాళ్ల కోసం పరుగెత్తాయి. అథ్లెటిక్ లెజామాలో పిల్లలకు బంతి ఆపడం, బంతి అందించడం నేర్పుతూ కూర్చుంది.

లెజామా పని తీరు ఇది. చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న క్లబ్బులతో అథ్లెటిక్‌కు ఒప్పందాలుంటాయి. పిల్లవాడు ముందు తన ఊరి క్లబ్‌లో ఆడతాడు. పదేళ్ల వయసు నుంచి లెజామా వాళ్లను తీసుకుంటుంది. అక్కడి నుంచి వయసు ప్రకారం మెట్లు. ఆ మెట్ల పైన బస్కోనియా. అది పక్క ఊరి పాత క్లబ్, 1997 నుంచి అథ్లెటిక్‌తో కలిసి పనిచేస్తోంది. దాని పైన 1964లో పుట్టిన రెండో జట్టు బిల్బావో అథ్లెటిక్. అన్నిటికంటే పైన మొదటి జట్టు. దగ్గరి ఊళ్ల పిల్లలు సాధన ముగిశాక ఇంటికి పోతారు. అమ్మ చేతి అన్నం, ఇంటి భాష, ఊరి స్నేహితులు దూరం కారు. మొదటి జట్టు కూడా అక్కడే సాధన చేస్తుంది. పదేళ్ల పిల్లవాడు తాను కావాలనుకునే మనిషిని పక్క మైదానంలో రోజూ చూస్తాడు.

చెరువు చిన్నదైతే ప్రతి చేపా విలువైనదే. వేరే క్లబ్ ఒక కుర్రాడు ఆలస్యంగా ఎదుగుతున్నాడని వదిలేసి ఇంకొకణ్ని కొనుక్కోవచ్చు. అథ్లెటిక్‌కు ఆ వీలు లేదు. అందుకే ఎదురుచూడటం నేర్చుకుంది. అరిత్స్ అదూరిస్ కథ దీనికి రుజువు. క్లబ్ అతణ్ని పంపేసింది, మళ్లీ పిలిచింది, మళ్లీ పంపేసింది. 2012లో 31 ఏళ్ల వయసులో మరోసారి ఇంటికి తెచ్చుకుంది. చాలామంది ఆట మానేసే ఆ వయసులో అతని ఉత్తమ కాలం మొదలైంది. 2016లో బెల్జియం జట్టు గెంక్ మీద ఒకే ఆటలో 5 గోల్స్ కొట్టాడు.

ఫలితాలు ఎప్పుడూ తీయగా లేవు. 1983, 1984లో లీగ్ గెలిచారు. 1984లో కప్ కూడా గెలిచి, గబర్రా అనే పడవ మీద నదిలో ఊరేగారు. తర్వాత 1995లో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పుతో యూరప్ క్లబ్బుల మధ్య ఆటగాళ్ల రాకపోకలకు అడ్డు తొలగింది, పోటీ ఇంకా కఠినమైంది. 2007లో జట్టు చివరి ఆటతో గట్టెక్కి మొదటి శ్రేణిలో మిగిలింది. 2009 నుంచి 2021 వరకు అయిదు కప్ ఫైనళ్లు ఓడిపోయింది. చివరికి 2024 ఏప్రిల్ 6న మల్యోర్కాను పెనాల్టీలలో ఓడించి 40 ఏళ్ల తర్వాత కప్ తెచ్చింది. గబర్రా మళ్లీ నదిలోకి దిగింది, ఒడ్లు జనంతో నిండిపోయాయి.

డబ్బు ఒత్తిడీ ఉంది. స్పెయిన్‌లో ఆటగాడి ఒప్పందంలో రాసిన విడుదల మొత్తం కట్టేస్తే అతను వెళ్లిపోవచ్చు. 2018లో లపోర్త్ 6 కోట్ల 50 లక్షల యూరోలకు, గోల్‌కీపర్ కెపా 8 కోట్ల యూరోలకు ఇంగ్లండ్ వెళ్లారు. అంత డబ్బు చేతికొచ్చినా బయటినుంచి ఎవర్నీ కొనుక్కోలేని క్లబ్ అది. అందుకే పొరుగు బాస్క్ క్లబ్బుల పిల్లల మీద దాని కన్ను పడుతుంది. ఒసాసునా, రియల్ సోసియేదాద్ వాళ్లకు ఈ కోపం చాలా ఏళ్లుగా ఉంది. ఒకే జాతి లోపల కూడా పెద్దది చిన్నదాన్ని మింగుతుందని గుర్తుపెట్టుకోవాలి.

మనవాళ్లు అంటే ఎవరు

మిగెల్ జోన్స్ 1938లో ఆఫ్రికాలోని స్పానిష్ గినీలో పుట్టాడు. చిన్నప్పుడే బిల్బావో వచ్చి అక్కడే పెరిగాడు, అక్కడే ఆట నేర్చాడు. అథ్లెటిక్ అతణ్ని తీసుకోలేదు. ఇక్కడ పుట్టలేదు కదా అన్నారు. అసలు కారణం కట్టుబాటా, నల్లని ఒళ్లా అన్న వాదన నేటికీ ఉంది. అతను మాడ్రిడ్ వెళ్లి, అక్కడి అత్లెటికోతో 1962లో యూరప్ కప్ విన్నర్స్ కప్ గెలిచాడు.

తర్వాత కట్టుబాటు నెమ్మదిగా వెడల్పైంది. బాస్క్ నేల మీద పుట్టకపోయినా అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చుకుంటే చాలు అన్నారు. 2011లో అంగోలా తండ్రికి పుట్టిన జోనాస్ రమాల్యో ఆ జట్టు తరఫున ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. ఆ తర్వాత ఇన్యాకి విలియమ్స్ వచ్చాడు. అతని తల్లిదండ్రులు ఘానా నుంచి సహారా ఎడారి దాటి వచ్చినవాళ్లు. దారిలో చాలా దూరం నడిచారు. అతను 1994లో బిల్బావోలో పుట్టాడు. తమకు సాయం చేసిన చర్చి మనిషి పేరునే, ఆ బాస్క్ పేరునే, వాళ్లు బిడ్డకు పెట్టుకున్నారు. ఇన్యాకి 2016 నుంచి 2023 వరకు ఒక్కటీ తప్పకుండా వరసగా 251 లీగ్ ఆటలు ఆడాడు. తమ్ముడు నీకో చిన్నప్పుడే లెజామాలో చేరాడు. 2025లో పెద్ద క్లబ్బులు పిలుస్తున్నా 2035 వరకు ఇక్కడే ఉంటానని ఒప్పందం చేసుకున్నాడు. మిగెల్ జోన్స్‌కు మూసిన తలుపు ఈ అన్నదమ్ములకు తెరుచుకుంది. క్లబ్ దీనివల్ల పలచబడలేదు, బలపడింది. ఆడపిల్లలకైతే ఆ తలుపు 2002లోనే తెరుచుకుంది. ఆ మహిళా జట్టు అయిదుసార్లు లీగ్ గెలిచింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జట్టులో చోటు వేరు, భూమి మీద హక్కు వేరు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మన భూములను కాపాడే 1/70 చట్టాన్ని వదులు చేయమనేవాళ్లకు ఈ కథ సాక్ష్యం కాదు. బాస్కులు పెద్దమనసు చూపగలిగింది కాళ్ల కింద నేల గట్టిగా ఉన్నాకనే.

మనం అడగవలసింది

2014లో 13 ఏళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. గురుకుల బడిలో ఒక గిరిజన పిల్లకు శిక్షణ, తిండి, నమ్మకం దొరికితే ఏం జరుగుతుందో అందరూ చూశారు. కానీ మన దగ్గర ఎక్కువగా జరిగేది ఏరుకోవడమే, పెంచడం కాదు. పోటీలు పెడతారు, ముందు వచ్చినవాళ్లను దూరం తీసుకుపోతారు. మిగిలినవాళ్లకు బంతి కూడా మిగలదు. వెళ్లిన పిల్ల తన భాష వదిలి, పండగలు వదిలి, ఒక్కతే అయిపోతుంది.

లెజామాకు వచ్చిన పిల్లల్లో కూడా ఎక్కువమంది మొదటి జట్టుకు చేరరు. ఆ నిరాశ అక్కడా ఉంది. అయితే చేరనివాడికి తిరిగి వెళ్లడానికి ఊరి క్లబ్ ఉంది, కింది శ్రేణుల జట్లు ఉన్నాయి, పిల్లలకు నేర్పే పని ఉంది. అతను ఓడిపోయి పారిపోయిన మనిషి కాడు, ఊరికి ఆట తెచ్చిన మనిషి.

రేపు మన ప్రాంతంలో ఎవరైనా ఆటల అకాడమీ పెడతామని వస్తే, ఎన్ని పతకాలు తెస్తారని అడగడం తర్వాత చూద్దాం. ముందు మనం అడగవలసినవి మూడున్నాయి. ప్రతి గూడెంలో, తండాలో ఒక మైదానం, దాన్ని చూసుకునే ఒక మనిషి ఉంటారా? నేర్పేవాళ్లలో మన భాష వచ్చినవాళ్లు ఉంటారా? ఎంపిక కాని పిల్లకు తిరిగి వెళ్లే చోటు ఏది?